అత్త చెప్పిన రెండో సగం

మా అబ్బాయి సినిమాకు బయల్దేరే ముందు ఫోను తీసి ఆ సినిమాకు ఐదింటిలో ఎన్ని చుక్కలు పడ్డాయో చూస్తాడు. మూడుకు తగ్గితే వేసుకున్న చెప్పులు విప్పేసి మళ్ళీ కూర్చుంటాడు. మొన్న ఒకసారి ఆ చుక్కలు వేసేది ఎవరని అడిగాను. "ఎవరో ఒకరులేమ్మా, చూసినవాళ్ళు" అన్నాడు. చూసినవాళ్ళెవరో, ఏ పని చేసి బతుకుతారో, ఏ చోట ఏడుస్తారో తెలియకుండా వాళ్ళ మాట ఎలా నమ్ముతారో నాకు అర్థం కాదు. వాడితో వాదన పెట్టుకోలేదు. వాదిస్తే నాకూ ఒక చుక్క తగ్గిస్తాడు.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో సినిమా సంగతి తేల్చే మనిషి ఒక్కతే ఉండేది. ఆమె మా నాన్నకు అక్క, నాకు అత్త, మా ఇంట్లోనే ఉండేది. తమిళనాడులో కోవిల్‌పట్టికీ సాత్తూరుకూ నడుమ, పెద్ద రోడ్డు దిగి మైలు దూరం నడిస్తే మా ఊరు. నల్లరేగడి నేల. వాన పడితే పత్తి, మిరప. పడకపోతే అగ్గిపెట్టెల కంపెనీ. వాన పడని ఏడాదులే ఎక్కువ. ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతాం, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు మాత్రం నేను చూసింది పెళ్ళై చిత్తూరు వచ్చిన తరవాత, మా వాడి ఒకటో తరగతి వాచకంలో. వాడూ నేనూ కలిసే నేర్చుకున్నాం. అందుకే నా రాత ఒక తీరుగా, అత్త మాటలు ఇంకో తీరుగా ఉంటాయి. ఆమె మాటలను నేను దిద్దబోవడం లేదు.

కంపెనీ అంటే పెద్దదేమీ కాదు. రేకుల షెడ్డు ఒకటి, దాని వెనక మందు కలిపే గది, ఎండబెట్టే గది. షెడ్డులో ఇరవై మంది దాకా ఆడవాళ్ళు నేల మీద కూర్చుని చట్రాల్లో పుల్లలు పేర్చేవాళ్ళు. చెక్క చట్రంలో సన్నటి బద్దలు వరసగా ఉంటాయి, ప్రతి బద్దకూ గాళ్ళు, ప్రతి గాడిలో ఒక పుల్ల. చట్రం నిండితే బిగించి పక్కన పెడతారు. మగవాళ్ళు వచ్చి తీసుకుపోయి పుల్లల కొసలను మొదట మైనంలో, తరవాత మందులో ముంచుతారు. షెడ్డంతా మైనం వాసన, దాని వెనక గంధకం వాసన. ఇంటికి వచ్చి తలస్నానం చేసినా అత్త జుట్టులో అది పోయేది కాదు. ఆ వాసన లేని అత్త పక్కన పడుకుంటే నాకు నిద్ర వచ్చేది కాదేమో.

నేను బడికి పోయేదాన్ని. సాయంత్రాలూ సెలవు రోజుల్లోనూ ఇంట్లో అగ్గిపెట్టెలు అంటించేవాళ్ళం. మైదాపిండి గంజిలో మైలుతుత్తం కలిపి ఇచ్చేవాళ్ళు, పురుగు పట్టకుండా. పిల్లలు తినకుండా కూడా అని మా అమ్మ అనేది. మైలుతుత్తం కలపక ముందే రెండు వేళ్ళతో గంజి తీసుకుని ఉప్పు అద్దుకుని నాకేయడం నాకు అలవాటు. రుచి ఏమీ ఉండదు. దొంగతనంగా తినడంలోనే ఉంది అంతా.

సినిమాను మేము పడం అనేవాళ్ళం. మా షెడ్డులో పడానికి ఒక పద్ధతి ఉండేది. కోవిల్‌పట్టిలో కొత్త పడం పడితే శనివారం మధ్యాహ్నం షెడ్డు తరఫున అత్త పోయి చూసి రావాలి. ఆ పూట ఆమె నింపవలసిన చట్రాలను మిగిలినవాళ్ళు తలా ఒకటి నింపి ఆమె పేరున పెట్టేవాళ్ళు. సోమవారం అత్త పని చేస్తూనే ఆ పడాన్ని మొదటి నుంచి చివరి దాకా చెబుతుంది. బాగుందని తేలితే వచ్చే ఆదివారం అందరూ పిల్లల్ని వెంటబెట్టుకుని, సద్ది కట్టుకుని బస్సెక్కుతారు. బాగాలేదని తేలితే ఆ ఆదివారం బట్టలుతుక్కుంటారు. వారానికి దొరికేది ఆ ఒక్క ఆదివారమే కాబట్టి అత్త మాట తేలిక మాట కాదు. ఆమె చూసి వచ్చిన పడానికి వాళ్ళ వేళ్ళు ఒక చట్రం ఎక్కువ నింపి ఉంటాయి.

ఆడమనిషి ఒంటరిగా పోకూడదు కాబట్టి తోడు నేను. శనివారం బడి ఒక పూటే. మిరపకాయల లారీ తోలే మామ, అత్త భర్త, ఊళ్ళో ఉంటే కోవిల్‌పట్టి దాకా లారీలో, లేకపోతే బస్సులో. టాకీసు వెనక సందులో వేరుశనగ మిఠాయి చేసేవాళ్ళు. బెల్లం పాకం వాసన టిక్కెట్ల వరస దాకా వచ్చేది. అత్త ఒక పొట్లం కొని నా చేతిలో పెట్టి, "పాటలప్పుడు తిను. మాటలప్పుడు తింటే ఆ కరకరలో నాకు ఏమీ వినపడదు" అనేది. హాలులో అందరూ ఏడ్చే చోట కూడా అత్త ఏడ్చేది కాదు. ఎందుకని ఒకసారి అడిగాను.

"సూసేటప్పుడే ఏడ్సేస్తే సెప్పేదానికి ఏం మిగులుతాది?" అంది.

ఆమె పరీక్షలు వేరే. హీరోయిన్ బావిలో నీళ్ళు తోడుతుంటే అందరూ మొహం చూస్తే అత్త చేతులు చూసేది. "కలుపు తీసే పిల్లంట. ఆ గోర్లు సూడు. ఆ గోర్లతో కలుపు కాదు, తలలో పేను కూడా తియ్యలేదు" అని నా చెవిలో అనేది. తల్లి వేషం వేసినామె పొయ్యి ఊదితే పొగ ఏ పక్కకు పోతోందో చూసేది. హీరో ఇరవైమందిని కొట్టడం మీద ఆమెకు అభ్యంతరం లేదు. కొట్టిన తరవాత ఇంటికి పోయి అన్నం తినకుండా పాట పాడితే మాత్రం ఒప్పుకునేది కాదు.

సోమవారం కథ చెప్పడం మొదలుపెడితే అన్ని గొంతులూ ఆమెవే. పడం తమిళం, చెప్పడం మా ఇంటి తెలుగులో. ఆ హీరో మా ఊరి మామల్లాగే "అమ్మా, కూడు పెట్టు, పొద్దు పోయింది" అనేవాడు. తరవాత ఆదివారం పోయి చూసి వచ్చినవాళ్ళు అత్త మీద కాక, హీరో మీద నిష్ఠూరపడేవాళ్ళు. "నువ్వు సెప్పినప్పుడు వాడు ఎంత బాగా మాట్లాడినాడు. ఆడికి పోతే సగం మాటలు మింగేసినాడు" అని ముక్కుపొడుం అవ్వ ఒక హీరోను చాలా కాలం క్షమించలేదు. అవ్వ షెడ్డులో అందరికంటే పెద్దది, నోరూ పెద్దదే. ఆదివారం పొద్దున చర్చికి పోయి వచ్చి, అదే చీరతో మ్యాట్నీకి వచ్చేది.

మేనేజరు తమిళాయన. తెలుగు ఒక్క ముక్క రాదు. అత్త గొంతులు మార్చి మార్చి చెబుతుంటే ఏమిటని అడిగితే దేవుడి కథ అని చెప్పారు. ఆయన కొంతకాలం చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చేవాడు.

పడం బాగుందా లేదా అన్నది అత్త నోటితో చెప్పేది కాదు. చెబుతూ వాళ్ళ చేతులు చూసేది. కథ ఎంత బాగున్నా వేళ్ళు వాటి పాటికి అవి గాళ్ళల్లో పుల్లలు పెడుతూనే ఉంటాయి. ఆ పని అలాంటిది. ఎక్కడైనా ఇరవై జతల చేతులూ ఒక్కసారి ఆగితే ఆ పడానికి పోవలసిందే. ఆగకపోతే పడం లేదు. "నేను బాగుండాదని అంటే అది నా మాట. చేతులు నిలిస్తే అది పడం మాట" అనేది అత్త. ఎన్నో పడాలు అలా తేలాయి. ఊళ్ళన్నీ ఊగిపోయిన పెద్ద హీరో పడం ఒకటి మా షెడ్డులో ఒక్క చెయ్యి కూడా ఆపలేక పోయింది. ఎవరూ పోలేదు. పేరు లేని కుర్రవాడి పడం ఒకటి, గొర్రెపిల్ల తప్పిపోయే చోట, మేనేజరు వచ్చి కసిరేదాకా అందరి చేతులూ ఆపేసింది. దానికి మేము రెండు ఆదివారాలు పోయాం.

ఆ షెడ్డులో అత్తకు కుడి పక్కన కూర్చునే ఆమెను నేను సాత్తూరు వదిన అనేదాన్ని. మా ఊరి పిల్లే, సాత్తూరుకు ఇచ్చారు. భర్త అక్కడ టపాసుల కంపెనీలో పనికి పోయేవాడు. ఒకరోజు ఆ షెడ్డు అంటుకుని నలుగురు పోయారు, అందులో ఆయన ఒకడు. చంకలో పాపతో వదిన అన్నగారింటికి వచ్చేసి, మా కంపెనీలో చేరింది. వచ్చి నాలుగేళ్ళు. నవ్వితే నవ్వేది, అడిగితే చెప్పేది. సాత్తూరు నుంచి అత్తగారు కారాసేవు పంపితే కాగితం విప్పి అందరి ముందూ పెట్టేది. కానీ ఆ రోజు సంగతి ఆమె ఎత్తలేదు, ఎవరూ అడగలేదు. అటువైపు నుంచి అప్పుడప్పుడూ ఇలాంటి వార్తే వచ్చేది. అప్పుడు షెడ్డులో ఎవరో ఒకరు వెంటనే ఎండల సంగతో మిరపకాయల ధరో ఎత్తుకునేవాళ్ళు. అది మంచితనమని మేమంతా అనుకున్నాం. అనుకోవడం కూడా కాదు, అలాగే చేసేవాళ్ళం.

ఆ ఏడు ఎండాకాలం సెలవుల మొదట్లో ఒక పడం వచ్చింది. మొదటి సగం భార్యాభర్తల సరసాలు, అత్తగారి సాధింపులు, నవ్వు. నేను మిఠాయి తినడం మర్చిపోయాను. ఇంటర్వెల్లో అత్త మొహం వెలిగిపోతోంది. "ఈ పిల్లకి పని తెలుసు. పిండి రుబ్బేటప్పుడు సూసినావా, పొంగించి తీసింది" అని మెచ్చుకుంది. రెండో సగంలో ఆ భర్త టపాసుల కంపెనీలో చేరతాడు. అది తెరమీద కనబడగానే అత్త నా చెయ్యి పట్టుకుంది. షెడ్డు పేలింది. హాలులో గోల. తెర మీద ఆ భార్య పరుగెత్తుకుంటూ పోయి, కప్పి పెట్టిన గోనెపట్టా ఎత్తి, నేల మీద పడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అత్త వైపు చూస్తే ఆమె కళ్ళు తెర మీద లేవు, తన ఒళ్ళో ఉన్నాయి.

బస్సు కోసం నిలబడినప్పుడు అత్త నా చెయ్యి వదిలి కొంగు బిగించుకుంది. తరవాత అంది.

"ఈ పడం బాగలేదని తేలాల."

"బాగుండాది కదత్తా."

"బాగుండాది. అందుకే సెప్తా ఉండాను. నేను ఉన్నది ఉన్నట్లు సెప్తే ఆ పిల్ల చేతులు ఏమైతాయి? ఆదివారం అందరూ పోతామంటే అది ఒక్కతే ఇంట్లో కూర్చుంటాదా? వస్తాది. వచ్చి అదంతా సూడాల. నువ్వు నోరు తెరవగూడదు."

ఆదివారమంతా అత్త పరధ్యానంగా ఉంది. సజ్జలతో వండే కంబు కూడులో ఉప్పు రెండుసార్లు వేసింది. తనలో తాను ఏదో గొణుక్కుంటూ ఉంది. అబద్ధం చెప్పడానికి ఆమెకు అంత సాధన కావలసి వచ్చిందని నాకు అప్పుడు తెలియదు.

అది ఎండాకాలం సెలవులు కాబట్టి సోమవారం నేనూ షెడ్డులోనే ఉన్నాను. అత్త మొదటి సగం చెప్పింది. ఎంత బాగా చెప్పకూడదనుకున్నా ఆమె వల్ల కాలేదు, అందరూ నవ్వారు. ఇంటర్వెల్ అయిందని చెప్పి నీళ్ళు తాగింది. తరవాత రెండో సగం మొదలుపెట్టింది. ఆ భర్తకు తల్లితో మాటామాటా పెరిగి బొంబాయి పోయాడట. అక్కడ మిల్లులో చేరాడట. చాలా రోజులు ఉత్తరం లేదట. ఒకరోజు పెట్టె పట్టుకుని వచ్చేశాడట. భార్యకు నీలం చీర, తల్లికి కంబళి తెచ్చాడట.

"ఆమేన?" అంది అవ్వ, తరవాత ఏమైందని.

"ఆమేన ఏముండాది. అంతే పడం."

"వాడు ఏంటికి పోయినాడు, ఏంటికి వచ్చినాడు?"

"అదే కదా నేనూ అంటా ఉండాను. మొదుటి సగం బాగుండాది. ఆమేన ఏమీ లేదు. ఆదివారం గుడ్డలు ఉతుక్కోండి."

ఎవరి చేతులూ ఆగలేదు. పుల్లల చప్పుడు మామూలుగా వినబడుతోంది. నేను సాత్తూరు వదిన వైపు చూశాను. ఆమె ఒక పుల్లను గాడి దగ్గర పెట్టి అలాగే పట్టుకుని ఉంది.

"తిరిగి వచ్చేసినాడా పెద్దమ్మా?" అని అత్తను అడిగింది.

"వచ్చేసినాడు" అంది అత్త. ఆమె గొంతు అంత చిన్నగా ఉండటం నేను అదే మొదటిసారి విన్నాను.

ఆ ఆదివారం షెడ్డు వాళ్ళెవరూ పోలేదు. ఆ పైవారం అవ్వ విరుదునగర్‌లో ఉన్న కూతురింటికి పోయింది. అక్కడ అల్లుడు అందరినీ ఆ పడానికే తీసుకుపోయాడు. తిరిగి వచ్చిన అవ్వ షెడ్డులోకి అడుగు పెడుతూనే పొడుం డబ్బీ మూత పెట్టి అత్త ముందు నిలబడింది. వదిన ఇంకా రాలేదు, పాపకు జ్వరమని కబురు పంపింది.

"ఏమే, నువ్వు శనివారం కోవిల్‌పట్టి పోయి పడం సూసినావా, ఆడ నిద్రపోయినావా? బొంబాయీ లేదు, నీలం సీరా లేదు. వాడు సచ్చిపోతాడు. విరుదునగరంతా ఏడుస్తా ఉండాది. నీ చట్రాలు మేము ఏంటికి నింపినాము?"

అత్త తల ఎత్తలేదు. "నాకు అట్లనే అగుపడింది" అంది. ఇంకొకామె "అత్తకి కండ్లు పోయినాయి" అంది. అందరూ నవ్వారు. ఎలా చచ్చిపోతాడో అవ్వ చెప్పలేదు. చెప్పబోయి, అత్త పక్కన ఖాళీగా ఉన్న చోటు చూసి ఆగిపోయిందేమో, నాకు తెలియదు. కానీ ఆ రోజు నుంచి అత్త మాటకు ఉన్న బరువు పోయింది. కొత్త పడం పడితే ఎవరినీ పంపలేదు. అత్తను ఎవరూ ఏమీ చెప్పమని అడగలేదు. షెడ్డులో పుల్లల చప్పుడే. అత్త ఇంటికి వచ్చి మూతి బిగించుకుని కూర్చునేది. మామ లారీ దిగి వచ్చి ఏమైందని అడిగితే అన్నం వడ్డించి అవతలికి పోయేది.

నేను పది రోజులు ఓర్చుకున్నాను. పదకొండో రోజు, వదిన కూడా ఉన్నప్పుడే, అవ్వ ఏదో మాట మీద "నువ్వు సెప్తే ఎవురు నమ్మేది, నీ కతలు మాకొద్దు" అని అత్తను అంది. అత్త కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. "అత్తకి అంతా తెలుసు. ఆ పడంలో టపాసుల కంపెనీ అంటుకుంటాది. వదిన సూడగూడదనే మా అత్త అట్ల సెప్పింది" అని అరిచేశాను.

అనగానే తెలిసింది ఏమన్నానో. షెడ్డులో ఒక్క చెయ్యి కదల్లేదు. అత్త నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది, అందులో కోపం కూడా లేదు. సాత్తూరు వదిన మాత్రం తన చట్రం నింపుతూనే ఉంది. నిండిన తరవాత బిగించి, పక్కన పెట్టి, కొత్తది తీసుకుంది. తీసుకుంటూ అంది.

"ఆ పడం ఇప్పుడు ఎక్కడ ఆడతా ఉండాది?"

చివరికి అవ్వే చెప్పింది, కోవిల్‌పట్టిలో ఎత్తేశారు, పుదూరు రేకుల టాకీసుకు వచ్చింది అని.

"అట్లయితే ఈ శనివారం నేను పోతాను. నా చట్రాలు మీరు నింపండి" అంది వదిన. అత్త వద్దనబోయింది. "నువ్వు ఊరుకో పెద్దమ్మా. నువ్వు ఇన్ని పడాలు సూసి వచ్చి సెప్పినావు. నేను ఒకటి సెప్తాను." నా వైపు తిరిగి, "తోడు ఇదే రానీ. అరిసింది ఇదే కదా" అంది.

పుదూరు టాకీసులో కుర్చీలు లేవు, ముందు ఇసుక, వెనక బల్లలు. రేకుల మీద ఎండ దిగుతుంటే కాలిన ఇనుము వాసన. మేము బల్ల మీద కూర్చున్నాం. నేను ఆ రోజు పడం చూడలేదు, వదిననే చూశాను. పేలే చోట ఆమె రెప్ప వెయ్యలేదు. ఆ భార్య నేల మీద పడి ఏడుస్తుంటే వదిన కొంచెం ముందుకు వంగి, ఎవరో లెక్క తప్పు చేస్తుంటే చూసినట్టు, నొసలు ముడిచి చూసింది. చుట్టూ ఆడవాళ్ళు వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. పడం అయిన తరవాత నాకు టీ కొనిచ్చింది. బస్సులో పాప జ్వరం గురించి, నా బడి గురించి మాట్లాడింది. నాకు క్షమించమని అడగడం చేతకాలేదు. అడిగి ఉంటే బాగుండేది.

సోమవారం ఎవరూ ఆమెను చెప్పమనలేదు. ఆమే మొదలుపెట్టింది. ఆమెకు గొంతులు మార్చడం రాదు. అప్పచెప్పినట్టు చెప్పింది, నవ్వే చోట ఎవరూ నవ్వలేదు. రెండో సగం వచ్చింది. అందరూ తలలు వంచుకుని గబగబా పుల్లలు పెడుతున్నారు. పేలడం చెప్పింది. ఆ భార్య పరుగెత్తడం చెప్పింది.

"పడం బాగుండాది" అంది. "అందరూ పోవచ్చు. ఆ ఒక్క తావు మాత్రం సరిలేదు."

మిరపకాయల ధర ఎత్తుకోవలసిన చోటు అదే. అవ్వ గొంతు సవరించుకుంది కూడా. అప్పుడు అత్త తన చట్రం కింద పెట్టింది.

"ఎట్ల ఉండాల ఆడ?" అని అడిగింది.

వదిన కాసేపు అత్త మొహం చూసింది. నాలుగేళ్ళలో ఆ ప్రశ్న ఆమెను అడిగిన మొదటి మనిషి అత్త.

"ఆ పడంలో ఆమె నేరుగా గోనెపట్ట దగ్గరికి పోతాది. అట్ల పోరు పెద్దమ్మా. మొదుట నిలబడినోళ్ళలో ఎతుకుతాము. అందరూ మసి పట్టి ఒకే మాదిరి ఉండారు. నేను ఒకాయన చెయ్యి పట్టుకున్నాను, మా ఆయనే అనుకొని. 'నేను కాదమ్మా' అన్నాడు. ఇంకొకాయన్ని పట్టుకున్నాను. ఆయన మాట్లాడలేదు, తల ఊపినాడు. అట్ల అందర్నీ సూసినాను. సూసినోళ్ళనే మళ్ళీ మొదుటి నుంచి సూసినాను. పడుకున్నోళ్ళ పక్కకి నేను తిరగనే లేదు. వాండ్లే వచ్చి తిప్పినారు. ఏడుపు రాలేదు. ఏడుపు ఆ పొద్దు కాదు, మూడో పొద్దు వచ్చింది, ఆయన లుంగీ ఉతకతా ఉంటే."

"ఆ పొద్దు ఏం కూడు కట్టిచ్చినావమ్మా?" అని అవ్వ అడిగింది. అంత మెత్తగా అవ్వ మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

"కంబు కూడు, మజ్జిగ. నంజుకునేదానికి ఊరమిరపకాయలు. అవి మాడిపోయినాయని గొణుక్కుంటా పోయినాడు" అంది వదిన. అని, నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. తరవాత ఒకరి వెంట ఒకరు అడిగారు. ఆయన ఎత్తు ఎంత, పాపది ఆయన పోలికేనా, ఆయన పాటలు పాడేవాడా. అన్నిటికీ చెప్పింది. ఒక్కటి కూడా వదలకుండా చెప్పింది. మేనేజరు గుమ్మంలోకి వచ్చి లోపలికి చూసి, ఏమీ అనకుండా వెనక్కి పోయాడు. ఆయనకు ఒక్క మాటా అర్థమై ఉండదు.

ఆదివారం అందరూ పుదూరు పోయారు, వదినతో సహా. అత్త మళ్ళీ శనివారాలు పోవడం మొదలుపెట్టింది. ఇంకో మూడు నాలుగేళ్ళకు ఊళ్ళోకి కేబుల్ తీగ వచ్చింది, ఆ పైన షెడ్డుకు యంత్రాలు వచ్చాయి, ఆడవాళ్ళు సగానికి సగం తగ్గారు. సాత్తూరు వదిన తిరిగి సాత్తూరే పోయింది, అత్తగారికి బాగాలేదని. అత్త చివరి దాకా సినిమాలు చూస్తూనే ఉంది, ఇంట్లో టీవీ పెట్టెలో, ఒక్కతే. చెప్పడానికి ఎవరూ లేకపోవడం వల్ల కాబోలు, చూస్తూ చూస్తూ ఏడ్చేది.

వదిన మాట్లాడిన ఆ సాయంత్రం అత్తా నేనూ ఇంటికి నడుస్తున్నాం. మిరప చేను దాటిన తరవాత అత్త అంది. "నాలుగేండ్లు పక్కనే కూర్చున్నాను. మోకాలికి మోకాలు తగిలేటంత పక్కన. ఒక్క పొద్దన్నా ఏం జరిగిందే అని అడగలేదు. అడిగితే దానికి నొప్పి అనుకున్నాను. నొప్పి నాకు." నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె వేళ్ళు పుల్లలతో గరుకెక్కి ఉన్నాయి.

ఇప్పుడు ఎవరింట్లోనైనా మనిషి పోయారని పలకరించడానికి పోతే నేను అడుగుతాను, ఎలా జరిగింది, ఆ రోజు ఏం తిన్నారు, చివరగా ఏమన్నారు అని. పక్కనున్నవాళ్ళు నా కాలు తొక్కుతారు. మా ఆయన కూడా తిరిగి వచ్చేటప్పుడు దారిలో కోప్పడతాడు. అయినా అడుగుతాను. ఇంతవరకు చెప్పనన్నవాళ్ళు ఒక్కరూ లేరు.